పరిశోధన సామగ్రికి ఇంటి సర్వర్: నిర్మాణం, నిర్వహణ, పరిరక్షణ

వ్యాససంగ్రహం:

విశ్వవిద్యాలయాలలో సమర్పితమైన సిద్ధాంతగ్రంథాలు నేడు శోధగంగ వంటి భాండాగారాలలో చేరుతున్నాయి. కాని ఆ గ్రంథాలకు ఆధారమైన ధ్వనిముద్రణలు, స్కాన్ ప్రతులు, ఛాయాచిత్రాలు, క్షేత్రపర్యటన పుస్తకాలు ఎక్కువగా పరిశోధకుల ల్యాప్‌టాప్‌లలో, పెన్‌డ్రైవ్‌లలో చెల్లాచెదురుగా ఉండిపోతున్నాయి. ఈ సామగ్రిని ఇంటిలోనే ఒక స్థానిక సర్వర్‌పై భద్రపరచుకునే విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నెట్‌వర్క్ స్వరూపం, యంత్రాల ఎంపిక, అనుమతుల ఏర్పాటు, తెలుగు ఫైలు పేర్లలో ఎదురయ్యే ప్రత్యేక సమస్యలు, ప్రతుల నిర్వహణ, వక్తల పట్ల పరిశోధకుని బాధ్యత అనే అంశాలు ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: స్థానిక సర్వర్, ఇంటి నెట్‌వర్క్, యూనికోడ్, క్షేత్రపర్యటన, ధ్వనిముద్రణ, ప్రతులు, పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో క్షేత్రపర్యటనపై ఆధారపడిన పరిశోధనకు ఘనమైన చరిత్ర ఉంది. బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై చేసిన కృషి, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. వ్యవసాయ పదాలకు కేటాయించిన ఆ సంపుటం వెనుక ఊరూరా తిరిగి, రైతుల నోట విని, రాసుకున్న సామగ్రి ఉంది. ఏ పరిశోధనలోనైనా ప్రచురితగ్రంథం చివరి ఫలం మాత్రమే. దానికి మూలమైన సామగ్రి నిలిచి ఉంటేనే తరువాతి తరం ఆ నిర్ణయాలను పరీక్షించగలదు, సవరించగలదు, అవసరమైతే ఖండించగలదు.

కాగితం కాలంలో ఈ సామగ్రి బీరువాలలో ఉండేది. చెదలు పట్టినా, తడిసినా కొన్ని పుటలు మిగిలేవి. డిజిటల్ సామగ్రి విషయంలో అటువంటి పాక్షికనష్టం అరుదు. హార్డ్‌డిస్క్ చెడిపోయిన రోజున మూడేళ్ల ధ్వనిముద్రణలు ఒక్కసారిగా పోవచ్చు. అంతర్జాల సేవలను నమ్ముకున్నా శాశ్వతత్వానికి హామీ లేదు. యాహూ సంస్థ తన గ్రూపులలోని పాత సమాచారాన్ని తొలగిస్తున్నట్లు 2019లో ప్రకటించి, 2020 డిసెంబరులో ఆ సేవనే మూసివేసింది. అనేక భాషల చర్చాసమూహాల పాత ఉత్తరాలు, ఎవరో ఒకరు ముందుగా దించి పెట్టుకున్న మేరకే మిగిలాయి.

ఈ పరిస్థితిలో పరిశోధకునికి అందుబాటులో ఉన్న మార్గాలలో ఇంటి సర్వర్ ఒకటి. సర్వర్ అనగానే శీతలీకరించిన గదులు, వరుసలుగా నిలిచిన యంత్రాలు స్ఫురిస్తాయి. నిజానికి ఒకే ఇంటిలోని ఇతర కంప్యూటర్లు, ఫోన్లు అడిగినప్పుడు ఫైళ్లను అందించే ఏ యంత్రమైనా సర్వరే. పక్కన పెట్టేసిన పాత ల్యాప్‌టాప్ కూడా ఈ పని చేయగలదు. అయితే యంత్రాన్ని అమర్చడం ఈ పనిలో సులభమైన భాగం. పేర్లు, ప్రతులు, అనుమతులు అనే మూడింటి విషయంలో పాటించే క్రమశిక్షణే సామగ్రిని నిలబెడుతుంది.

2. సామగ్రి పరిమాణం - అంచనా:

ఏర్పాటుకు ముందు సామగ్రి ఎంత ఉందో లెక్కించుకోవాలి. ధ్వనిముద్రణను భద్రపరచడానికి సెకనుకు 48,000 నమూనాలు, నమూనాకు 24 బిట్లు అనే ప్రమాణం విస్తృతంగా వాడుకలో ఉంది. రెండు ఛానళ్లతో, కుదింపు లేకుండా ముద్రిస్తే సెకనుకు 2,88,000 బైట్లు అవుతాయి. అంటే గంటకు సుమారు 1.04 గిగాబైట్లు. ముద్రితపుటల విషయానికి వస్తే, ఎ-4 పరిమాణంలోని పుటను అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగులలో స్కాన్ చేస్తే, కుదించని చిత్రం 26.1 మెగాబైట్లు ఉంటుంది. 300 పుటల గ్రంథానికి ఇది దాదాపు 7.8 గిగాబైట్లు.

ఉదాహరణకు ఒక పరిశోధకుని వద్ద 120 గంటల ధ్వనిముద్రణలు, స్కాన్ చేసిన 40 అరుదైన గ్రంథాలు, ఒక్కొక్కటి 5 మెగాబైట్ల చొప్పున 5,000 ఛాయాచిత్రాలు ఉన్నాయనుకుందాం. ధ్వనిముద్రణలకు 124, గ్రంథాలకు 313, చిత్రాలకు 25 చొప్పున మొత్తం సుమారు 462 గిగాబైట్లు అవుతాయి. ఒక టెరాబైట్ డిస్క్‌లో ఇది సగం కూడా కాదు. అయితే ఒక టెరాబైట్ డిస్క్‌ను విండోస్ సుమారు 931 గిగాబైట్లుగా చూపుతుంది. తయారీదారులు వెయ్యి చొప్పున, విండోస్ 1,024 చొప్పున లెక్కించడమే ఇందుకు కారణం. డిస్క్‌లో లోపం లేదు.

ఇదే సామగ్రిని తరలించడానికి పట్టే సమయం స్థానిక నెట్‌వర్క్ ప్రయోజనాన్ని స్పష్టం చేస్తుంది. సెకనుకు 40 మెగాబిట్ల వేగంతో అంతర్జాలంలోకి ఎక్కించాలంటే గరిష్ఠవేగం నిరంతరాయంగా అందినా 25 గంటలకు పైగా పడుతుంది. ఇంటిలో సెకనుకు ఒక గిగాబిట్ వేగంగల తీగ ద్వారా అదే లెక్కన గంటకు కొద్దిగా మించుతుంది. ఆచరణలో వేగం ఇంతకంటే తగ్గినా, నిష్పత్తి అర్థమవుతుంది. పైగా అంతర్జాల సంబంధం తెగిపోయిన రోజున కూడా ఇంటి నెట్‌వర్క్ పనిచేస్తూనే ఉంటుంది.

3. ఇంటి నెట్‌వర్క్ స్వరూపం:

3.1 రౌటర్, చిరునామాలు:

అంతర్జాల సేవాసంస్థ అమర్చిన రౌటర్ ఉన్న ప్రతి ఇంటిలో స్థానిక నెట్‌వర్క్ ఇప్పటికే ఉన్నట్లే. రౌటర్ ఆ ఇంటికి తలుపు వంటిది. లోపలి యంత్రాలకు అది చిరునామాలు కేటాయిస్తుంది, లోపలి నుంచి వెళ్లే అభ్యర్థనలను బయటకు చేరవేస్తుంది. నాలుగవ రూపాంతరపు ఐ.పి. చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. ప్రపంచంలోని యంత్రాలన్నింటికీ అవి చాలవు. అందువల్ల ఇళ్లలో, కార్యాలయాలలో అంతర్గతంగా వాడుకోవడానికి కొన్ని శ్రేణులను ప్రత్యేకించారు. 1996 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 1918 అనే పత్రం ఈ శ్రేణులను నిర్దేశించింది. 192.168 తో మొదలయ్యే చిరునామాలు అందులోవే. పక్క ఇంటిలో కూడా 192.168.1.10 అనే చిరునామా ఉండవచ్చు. ఒకే ఇంటిపేరు రెండు ఊళ్లలో ఉన్నట్లు, వాటి మధ్య చిక్కు లేదు.

రౌటర్ సాధారణంగా ఈ చిరునామాలను తాత్కాలికంగా ఇస్తుంది. నేడు ఒక సంఖ్య పొందిన యంత్రానికి రేపు మరొకటి రావచ్చు. చదివే కంప్యూటర్‌కు దీనివల్ల ఇబ్బంది లేదు. సర్వర్ చిరునామా మారితే మాత్రం దానిని వెతికే మిగిలిన యంత్రాలకు దారి తప్పుతుంది. కనుక రౌటర్ అమరికలలోకి వెళ్లి సర్వర్‌కు ఒక స్థిరచిరునామాను కేటాయించాలి. ఇంటి సర్వర్ కొన్నాళ్లు పనిచేసి ఉన్నట్టుండి కనిపించకుండా పోతే, మొదట పరిశీలించవలసిన కారణం ఇదే.

3.2 తీగ, వైఫై:

సర్వర్‌ను రౌటర్‌కు తీగతో కలపాలి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వైఫై ద్వారా అందుకుంటే సరిపోతుంది. కేటగిరీ 5-ఇ రకం తీగ 100 మీటర్ల దూరం వరకు సెకనుకు ఒక గిగాబిట్ వేగాన్ని మోయగలదు. కేటగిరీ 6 కూడా వాడుకోవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కొన్ని చవక రౌటర్లలోని తీగ ద్వారాలు సెకనుకు 100 మెగాబిట్ల వేగానికే పరిమితం. అటువంటి రౌటర్ ఉంటే పైన చెప్పిన 462 గిగాబైట్ల తరలింపు గంట నుంచి పది గంటలకు పెరుగుతుంది. రౌటర్‌ను మార్చనవసరం లేదు. ఒక గిగాబిట్ స్విచ్ కొని, సర్వర్‌ను, పని చేసే కంప్యూటర్‌ను దానికి కలిపి, స్విచ్‌ను రౌటర్‌కు కలిపితే చాలు. ఆ రెండు యంత్రాల మధ్య రాకపోకలు స్విచ్‌లోనే ముగుస్తాయి.

వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలు దాటి దూరం వెళ్తుంది కాని వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ తరంగానికి వేగం ఎక్కువ, గోడలను దాటే శక్తి తక్కువ. మందపాటి గోడల పాతఇళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. సర్వర్‌లోని ధ్వనిముద్రణను వేరొక గదిలో కూర్చుని లిప్యంతరీకరించేటప్పుడు మాటలు ఆగి ఆగి వినిపిస్తే, సర్వర్‌ను అనుమానించే ముందు ఈ తరంగాన్ని మార్చి చూడాలి.

4. యంత్రం, విద్యుత్తు:

ఇంటి సర్వర్‌గా నాలుగు రకాల యంత్రాలు ఉపయోగపడతాయి: పాత డెస్క్‌టాప్, పాత ల్యాప్‌టాప్, రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న ఏకఫలక కంప్యూటర్, ఈ పనికోసమే తయారైన నాస్ పెట్టె. ఫైళ్లు అందించే పనికి శక్తిమంతమైన ప్రాసెసర్ అవసరం లేదు. నిర్ణయించవలసినది విద్యుత్తు వినియోగం, డిస్క్ ఆరోగ్యం. 60 వాట్లు తీసుకునే పాత డెస్క్‌టాప్ రోజంతా నడిస్తే 30 రోజులకు సుమారు 43 యూనిట్లు ఖర్చవుతాయి. 10 వాట్ల చిన్న యంత్రానికి అదే కాలంలో దాదాపు 7 యూనిట్లు చాలు. యంత్రాన్ని ఉచితంగా పొందినా, నెలనెలా చెల్లించేది కరెంటు బిల్లులో కనిపిస్తుంది.

కరెంటు పోవడం మన ఇళ్లలో ముందుగా ఊహించవలసిన సంఘటన. డిస్క్‌పై రాస్తున్న క్షణంలో విద్యుత్తు ఆగితే ఆ ఫైలు అసంపూర్ణం కావచ్చు. నేటి ఫైల్ వ్యవస్థలు చేయబోయే మార్పులను ముందుగా ఒక చిట్టాలో నమోదు చేసుకుంటాయి. అందువల్ల డిస్క్ నిర్మాణం మొత్తం దెబ్బతినే ప్రమాదం తగ్గింది కాని, రాస్తున్న ఫైలుకు హామీ లేదు. సర్వర్‌కు, రౌటర్‌కు కలిపి ఒక చిన్న యు.పి.ఎస్. ఉండడం మంచిది. పాత ల్యాప్‌టాప్‌కు దాని బ్యాటరీయే యు.పి.ఎస్.గా పనిచేస్తుంది. అయితే నిరంతరం చార్జింగ్‌లో ఉన్న పాత బ్యాటరీ ఉబ్బే అవకాశం ఉంది. అప్పుడప్పుడూ అడుగుభాగాన్ని పరిశీలించి, ఉబ్బు కనిపిస్తే వెంటనే వాడకం ఆపాలి. డెస్క్‌టాప్ అయితే కరెంటు తిరిగి వచ్చినప్పుడు దానంతట అదే మొదలయ్యే అమరిక బయోస్‌లో ఉంటుంది. దానిని ఎంచుకోకపోతే పరిశోధకుడు ఊళ్లో లేని సమయంలో ఇంటివారికి సర్వర్ అందదు.

5. సాఫ్ట్‌వేర్, ఫోల్డర్లు, అనుమతులు:

సర్వర్‌పై డెబియన్ లేదా ఉబుంటు వంటి ఉచిత లినక్స్ వ్యవస్థను స్థాపించుకోవచ్చు. విండోస్ యంత్రాలు ఫైళ్లు పంచుకోవడానికి ఎస్.ఎం.బి. అనే పద్ధతిని వాడతాయి. లినక్స్ యంత్రం కూడా అదే పద్ధతిలో మాట్లాడేందుకు సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తోడ్పడుతుంది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల తొలినాళ్లలో దీనిని ప్రారంభించాడు. సాంబాను అమర్చిన తరువాత సర్వర్‌లోని ఫోల్డర్లు విండోస్, మ్యాక్, లినక్స్ కంప్యూటర్లలోను, తగిన ఆప్ ఉన్న ఫోన్లలోను సాధారణ ఫోల్డర్ల వలె తెరుచుకుంటాయి. ఈ పద్ధతి తొలి రూపాంతరంలోని లోపాన్ని ఆధారం చేసుకునే 2017 మే నెలలో వాన్నక్రై అనే దుష్టప్రోగ్రాం ప్రపంచమంతటా వ్యాపించింది. కనుక ఆ రూపాంతరాన్ని ఎట్టి పరిస్థితిలోను అనుమతించరాదు. సాంబా 2019 నుంచి దానిని ముందే నిలిపివేసి ఇస్తున్నది.

ఫోల్డర్ల ఏర్పాటులో సాహిత్యపరిశోధకునికి సుపరిచితమైన పరిష్కరణ పద్ధతినే అనుసరించవచ్చు. పాఠపరిష్కర్త మూలప్రతిపై దిద్దడు. శుద్ధప్రతిని వేరుగా రాసుకుంటాడు. అదే విధంగా సర్వర్‌లో మూడు ప్రధాన ఫోల్డర్లు ఉండాలి.

మొదటిది ‘మూలం’. రికార్డరు నుంచి, స్కానర్ నుంచి వచ్చిన ఫైళ్లు యథాతథంగా ఇందులో చేరుతాయి. చేరిన తరువాత వాటిని చదవడానికి మాత్రమే అనుమతి ఉండాలి. పరిశోధకుడు రోజువారీ వాడే ఖాతాకు సైతం దిద్దే, తొలగించే అధికారం ఉండరాదు. మూలఫైళ్లు పోవడానికి దొంగలు, వైరస్‌లే కారణం కానక్కరలేదు. అర్ధరాత్రి నిద్రమత్తులో చేసిన తొలగింపు చాలు.

రెండవది ‘పని’. శబ్దం తగ్గించిన ధ్వనిముద్రణలు, కత్తిరించిన చిత్రాలు, లిప్యంతరీకరణలు, అధ్యాయాల ముసాయిదాలు ఇక్కడ ఉంటాయి. మూడవది ‘పంపకం’. పర్యవేక్షకునికి, సహపరిశోధకులకు ఇవ్వదగినవి మాత్రమే ఇందులో చేరాలి. ఇంటిలోని ఇతరులకు అవసరమైన కుటుంబచిత్రాలు, పిల్లల పాఠాలు పూర్తిగా వేరే ఖాతాలో ఉండడం ఇరువురికీ మేలు.

6. తెలుగు ఫైలు పేర్లు - ప్రత్యేక సమస్యలు:

సర్వర్ అమరిక గురించిన సాధారణ వివరణలలో కనిపించనిది, తెలుగు పరిశోధకునికి తప్పక ఎదురయ్యేది పేర్ల సమస్య. దీనిని నాలుగు భాగాలుగా పరిశీలించవచ్చు.

6.1 పేరు పొడవు:

లినక్స్‌లో విరివిగా వాడే ఇ.ఎక్స్.టి-4 ఫైల్ వ్యవస్థ ఒక పేరుకు 255 బైట్లను మాత్రమే అనుమతిస్తుంది. యు.టి.ఎఫ్-8 పద్ధతిలో రోమన్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు సంకేతం ప్రతిదానికీ మూడు బైట్లు కావాలి. అంతేకాక తెలుగులో కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరం యూనికోడ్‌లో అనేక సంకేతాల కలయిక. ‘స్త్రీ’ అనేది ఒక్క అక్షరం. అందులో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘ ఈకారం గుర్తు అనే ఆరు సంకేతాలు, 18 బైట్లు ఉన్నాయి.

‘తెలంగాణ జానపద సాహిత్యంలో స్త్రీ పాత్రల చిత్రణ సామాజిక సాంస్కృతిక పరిశీలన మొదటి అధ్యాయం మూడవ సవరణ’ అనే పేరును పరిశీలిద్దాం. ఇందులో 13 పదాలు, 84 తెలుగు సంకేతాలు ఉన్నాయి. వాటికి 252 బైట్లు, పదాల మధ్య 12 ఖాళీలకు 12 బైట్లు కలిపి 264. ఫైలురకాన్ని తెలిపే తోకను చేర్చకముందే ఇది హద్దు దాటింది. విండోస్‌లోని ఎన్.టి.ఎఫ్.ఎస్. వ్యవస్థ బైట్లను కాక 16 బిట్ల ప్రమాణాలను లెక్కించడం వల్ల అక్కడ ఈ పేరుకు ఆటంకం లేదు. కాబట్టి విండోస్‌లో ఏళ్లుగా నడిచిన ఫైలు సర్వర్‌లోకి వెళ్లడానికి నిరాకరిస్తుంది. వేలాది ఫైళ్లను ఒకేసారి తరలించేటప్పుడు ఇటువంటివి కొన్ని వెనుకబడిపోయినా గమనించకపోవచ్చు. తరలింపు తరువాత రెండుచోట్ల ఫైళ్ల సంఖ్యను సరిచూసుకోవడం తప్పనిసరి.

6.2 ఒకే రూపం, రెండు సంకేతాలు:

ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు. మొదటిది ఐత్వానికి కేటాయించిన ఒకే సంకేతం. రెండవది ఎత్వం సంకేతం, దాని పక్కన ఐత్వపు క్రిందిభాగానికి కేటాయించిన గుర్తు. ఈ రెండూ సమానమని యూనికోడ్ ప్రమాణం చెబుతుంది. ‘వైశాఖం’ అని ఏ విధంగా రాసినా కంటికి తేడా కనిపించదు. కాని ఇ.ఎక్స్.టి-4 వంటి వ్యవస్థకు అవి రెండు వేర్వేరు పేర్లు. పాత మ్యాక్ కంప్యూటర్ల ఫైల్ వ్యవస్థ పేర్లను ఇలా విడగొట్టి నిల్వచేసేది. అటువంటి యంత్రం నుంచి వచ్చిన సామగ్రిని సర్వర్‌లో చేర్చితే ఒకే పేరుగల రెండు ఫైళ్లు పక్కపక్కన కనిపించవచ్చు. ఒకటి వెతికితే దొరుకుతుంది, మరొకటి దొరకదు. పేర్లన్నింటినీ ఏకసంకేత రూపానికి మార్చే సాధనాలు ఉచితంగా లభిస్తున్నాయి. సామగ్రిని ‘మూలం’లో చేర్చే ముందే ఆ పని ముగించాలి.

6.3 కనిపించని అక్షరం:

‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలో టకారపు పొల్లు పక్కన వకారం ఒత్తుగా మారకుండా ఆపేందుకు శూన్యవెడల్పు గల ఒక సంకేతం వాడతారు. కొందరు దానిని వాడతారు, కొందరు ఖాళీ వదులుతారు, మరికొందరు ఒత్తుగానే వదిలేస్తారు. ఒకే మాట మూడు రూపాలలో నమోదైతే శోధన మూడవవంతు ఫలితాలనే ఇవ్వవచ్చు. పరాయిభాషా పదాలను, వ్యక్తినామాలను ఏ రూపంలో రాయాలో మొదటే నిర్ణయించుకుని, ఆ నిర్ణయాన్ని ఒక పత్రంగా సర్వర్‌లోనే ఉంచడం దీనికి మందు. యూనికోడ్‌కు ముందరి అను ఫాంట్లలో కూర్చిన పాత అధ్యాయాలదీ ఇదే కోవ. ఫాంటు ఉన్నచోట అవి తెలుగుగా కనిపిస్తాయి కాని, తెలుగులో వెతికితే దొరకవు. అసలు ఫైలును ‘మూలం’లో ఉంచి, యూనికోడ్‌లోకి మార్చి సరిచూసిన ప్రతిని ‘పని’లో ఉంచాలి.

6.4 వరుసక్రమం:

పేరును తేదీతో మొదలుపెట్టి, సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో రాస్తే ఫైళ్లు కాలానుక్రమంగా అమరుతాయి. ‘2024-03-09_ఒగ్గుకథ_సిద్దిపేట_01’ అనే నమూనాలో తేదీ, ప్రక్రియ, స్థలం, వరుససంఖ్య ఉన్నాయి. వక్త పేరు ఉద్దేశపూర్వకంగా లేదు. దాని స్థానం వేరే పట్టికలో. కారణం ఎనిమిదవ భాగంలో తెలుస్తుంది. వరుససంఖ్యకు ముందు సున్న ఉంచకపోతే కొన్ని వ్యవస్థలలో 10 అనేది 2 కంటే ముందు వచ్చి చేరుతుంది.

7. సర్వర్ వేరు, ప్రతి వేరు:

తాళపత్రయుగంలో కావ్యాలు నిలిచింది ఆకుల మన్నిక వల్ల మాత్రమే కాదు. ఒక ఊళ్లో ప్రతి శిథిలమైనా మరొక ఊళ్లో ప్రతి మిగలడం వల్ల నిలిచాయి. సి.పి. బ్రౌన్ కడపలో తన బంగళాలో పండితులను నియమించుకుని, ఒకే గ్రంథానికి పలుచోట్ల దొరికిన ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు సిద్ధం చేయించగలిగాడంటే, ఆ ప్రతులు పలు ఇళ్లలో ఉండడమే కారణం.

ఇంటి సర్వర్ స్థాపించినవారు చేసే పెద్ద పొరపాటు, సామగ్రి సర్వర్‌లో చేరింది కనుక భద్రంగా ఉందని భావించి, ల్యాప్‌టాప్‌లోని ప్రతిని తొలగించడం. అప్పుడు మిగిలేది మళ్లీ ఒకే ప్రతి. రెండు డిస్క్‌లపై ఒకే సమాచారాన్ని ఏకకాలంలో రాసే రెయిడ్ పద్ధతి కూడా దీనికి పరిష్కారం కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ పరిశోధకులు 1988లో ప్రచురించిన పత్రంతో ఆ పేరు స్థిరపడింది. ఒక డిస్క్ చెడినా పని ఆగకుండా చూడడం దాని ప్రయోజనం. పొరపాటున ఒక ఫోల్డర్‌ను తొలగిస్తే రెయిడ్ ఆ తొలగింపును రెండు డిస్క్‌లపైనా నిష్ఠగా అమలుచేస్తుంది.

ఆచరణలో మూడు-రెండు-ఒకటి అనే సూత్రం ప్రసిద్ధం. సామగ్రికి మూడు ప్రతులు ఉండాలి. అవి కనీసం రెండు భిన్న సాధనాలపై ఉండాలి. ఒకటి ఇంటికి బయట ఉండాలి. మొదటి ప్రతి సర్వర్‌లోనిది. రెండవది వారానికొకసారి కలిపి, ప్రతి తీసుకుని, తిరిగి విడదీసి బీరువాలో ఉంచే బాహ్యడిస్క్. విడదీయడం ముఖ్యం. నిరంతరం కలిసి ఉన్న డిస్క్‌కు సర్వర్‌కు వచ్చే ప్రమాదాలన్నీ వస్తాయి. మూడవది తల్లిదండ్రుల ఊళ్లోనో, నమ్మకమైన బంధువుల ఇంటిలోనో ఉంచిన మరొక డిస్క్, లేదా సంకేతభాషలోకి మార్చి అంతర్జాలంలో దాచిన ప్రతి. పండుగకు ఊరికి వెళ్లిన ప్రతిసారీ అక్కడి డిస్క్‌ను కొత్తదానితో మార్చుకునే అలవాటుకు అదనపు ఖర్చు లేదు.

ప్రతి తీయడంతో పని ముగియదు. ప్రతి సరిగా ఉందని నిరూపణ కావాలి. ఎస్.హెచ్.ఎ-256 అనే పద్ధతి ఏ ఫైలునుంచైనా 64 అంకెల ఒక ముద్రను గణిస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ముద్ర మారిపోతుంది. ‘మూలం’లోని ఫైళ్ల ముద్రలను ఒక పట్టికగా దాచి, ఆరు నెలలకొకసారి మూడు ప్రతులలోను తిరిగి గణించి సరిపోల్చాలి. పాఠాంతరాలను గుర్తించే పనిని ఇక్కడ యంత్రం చేస్తుంది. నెలకొకసారి ఏదో ఒక ఫైలును బాహ్యడిస్క్ నుంచి తెరిచి, విని చూడడం కూడా అవసరం. తిరిగి తెరవని ప్రతి ఉన్నదనే నమ్మకానికి ఆధారం లేదు.

8. భద్రత, వక్తల అనుమతి:

ఇంటి సర్వర్‌ను బయటనుంచి కూడా అందుకోవాలనే కోరిక సహజం. దానికోసం రౌటర్‌లో ద్వారాలు తెరవడం ప్రమాదకరం. అలా తెరిచిన ద్వారాలను వెతుకుతూ అంతర్జాలంలో నిరంతరం తిరిగే ప్రోగ్రాములు ఉన్నాయి. బయటి అవసరం తప్పనిసరి అయితే, గుప్తమార్గాన్ని ఏర్పరచే వైర్‌గార్డ్ వంటి సాధనాలను ఆశ్రయించాలి. 2020 మార్చిలో విడుదలైన లినక్స్ 5.6 నుంచి ఇది ఆ వ్యవస్థలో భాగం. ఒకే బహిరంగచిరునామాను అనేక ఇళ్లకు పంచే సేవాసంస్థల విషయంలో నేరుగా ఇంటి రౌటర్‌ను చేరడం వీలుకాదు. అందుకు మధ్యవర్తి సర్వర్ అవసరమవుతుంది. రౌటర్‌తో వచ్చిన తొలి సంకేతపదాన్ని మార్చడం, వైఫైకి డబ్ల్యు.పి.ఎ-2 లేదా డబ్ల్యు.పి.ఎ-3 రక్షణను ఎంచుకోవడం, అతిథులకు వేరే వైఫై పేరు ఇవ్వడం, సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించడం కనీస జాగ్రత్తలు.

ఈ జాగ్రత్తల వెనుక సాంకేతికతకు మించిన కారణం ఉంది. క్షేత్రపర్యటనలో లభించిన గొంతు పరిశోధకుని సొత్తు కాదు. పాట పాడిన స్త్రీ మధ్యలో తన కాపురం గురించి చెప్పుకొని ఉండవచ్చు. కథ చెప్పిన కళాకారుడు ఊరి పెద్దల గురించి ఒక మాట అని ఉండవచ్చు. పరిశోధకుని నమ్మి పలికిన ఆ మాటలు ఒక తప్పు అమరిక వల్ల బహిరంగమైతే, దాని ఫలితాన్ని అనుభవించేది పరిశోధకుడు కాదు, ఆ ఊళ్లో బతకవలసిన వక్త. ఫైలు పేరులో వక్త పేరు ఉండరాదనడానికి ఇదే కారణం. వక్తల వివరాల పట్టికను సంకేతపదంతో రక్షించిన వేరే ఫోల్డర్‌లో ఉంచాలి. ప్రతి ధ్వనిముద్రణతో పాటు వక్త ఇచ్చిన అనుమతి కూడా భద్రం కావాలి. పరిశోధనకు మాత్రమేనా, తరగతిలో వినిపించవచ్చా, ప్రచురించవచ్చా అనే అంశాలు అందులో స్పష్టంగా ఉండాలి. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. చట్టం వర్తించే మేర ఎంతైనా, నైతికబాధ్యత దానికి ముందే ఉంది.

9. ముగింపు:

ఇంటి సర్వర్ సామగ్రికి చివరి గమ్యం కాదు. బ్రౌన్ కడప బంగళాలో సమకూర్చిన ప్రతులు ఆ బంగళాలోనే ఉండిపోయి ఉంటే వాటిలో ఎన్ని మిగిలేవో చెప్పలేము. ఆ సేకరణలో పెద్దభాగం సంస్థకు చేరి, నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉంది. ఇంటి సర్వర్ కూడా అటువంటి మధ్యమజిలీయే. విశ్వవిద్యాలయాలు సిద్ధాంతగ్రంథంతో పాటు దాని ఆధారసామగ్రిని కూడా స్వీకరించే రోజు వచ్చేవరకు ఆ సామగ్రిని పేర్లతో, ప్రతులతో, అనుమతులతో అప్పగించదగిన స్థితిలో నిలిపి ఉంచడం దాని పని.

అందుకు చివరిగా ఒక కాగితం అవసరం. సర్వర్ ఎక్కడ ఉంది, ఏ ఫోల్డర్‌లో ఏముంది, బాహ్యడిస్క్‌లు ఎవరి ఇంటిలో ఉన్నాయి, సంకేతపదాలు ఎలా తెలుస్తాయి, ఎవరి అనుమతి లేకుండా దేనిని బయటపెట్టరాదు అనే వివరాలను సరళమైన తెలుగులో రాసి, ఇంటిలో ముఖ్యమైన పత్రాలు ఉండేచోట ఉంచాలి. సంకేతభాషలో దాచిన డిస్క్ తాళం ఒక్కరికే తెలిస్తే, ఆ ఒక్కరితోనే ఆ సామగ్రి కూడా పోతుంది. పాడినవారు, చెప్పినవారు అనేకులు నేడు లేరు. వారి గొంతులు తిరిగి వినగలిగేది ఆ డిస్క్‌లలోనే. పరిశోధకుని తరువాత ఆ ఇంటి తలుపు తీసే వ్యక్తికి, తెగిపోయిన తీగలున్న పాత పెట్టెగా కాక, ఒక భాండాగారంగా ఆ యంత్రం కనిపించాలంటే ఆ ఒక్క కాగితం ఉండాలి.